పులుసు పార్శిల్‌కి చెరకు పిప్పి బాక్సులు నిలుస్తాయా?

కూరలబండి (రావులపాలెం):
కర్రీ పాయింట్‌లో ప్లాస్టిక్ డబ్బాలు మానేసి చెరకు పిప్పి బాక్సులు పెట్టాం. వేపుళ్లకి ఇబ్బంది లేదు. చేపల పులుసు, సాంబారు పోస్తే అరగంటకే అడుగు చెమ్మెక్కుతోంది, మూత ఊడుతోంది. మొక్కజొన్నతో చేశామని అమ్మిన గ్లాసులైతే సాంబారు వేడికి వంకరపోయాయి. ఇక్కడ అరటి దొప్పలు గుట్టలుగా పడుంటాయి కదా, వాటితో గిన్నెలు చేయించొచ్చా? వాడేసిన బాక్సులు దొడ్లో గొయ్యి తీసి పూడ్చేస్తే చాలా?

డైప్రెస్:
ఆ గ్లాసులు పీఎల్ఏవి అండి, అంటే మొక్కజొన్న పిండి నుంచి చేసే ప్లాస్టిక్. 60 డిగ్రీల దగ్గరే మెత్తబడతాయి, పొయ్యి దిగిన సాంబారు 90 పైనే ఉంటుంది. మజ్జిగకి వాడుకోండి.

బాక్సుది వేరే జబ్బు. పిప్పి అంటే పీచే, తడి పీలుస్తుంది. నీళ్లూ నూనే ఆపే మందు గుజ్జులోనే కలుపుతారు. అది తగ్గినా, ప్రెస్‌లో సరిగా ఆరకపోయినా అడుగు చెమరుస్తుంది. లాటుకి 5 బాక్సులు తీయండి. సలసల కాగే నీళ్లు, రెండు చెంచాల నూనె, చిటికెడు పసుపు కలిపి పోసి న్యూస్‌పేపర్ మీద గంట ఉంచండి. కాగితానికి పసుపు అంటితే లాటు తిప్పి పంపేయండి. నూనె ఆగడానికి పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు కలిపిన సరుకూ ఉంటుంది, అవి మట్టిలో కూడా పోవు. లేవని టెస్ట్ రిపోర్టు అడగండి.

మూత ఊడేది ఆవిరికి. అంచుకి అర అంగుళం వెలితి ఉంచి, ఆవిరి తగ్గాక మూత నొక్కండి.

పోకతోట:
అరటి దొప్ప కార్తీక దీపానికి సరిపోతుంది గానీ గిన్నెకి పనికిరాదు. అందులో 90 శాతం నీళ్లే. ఆరేకొద్దీ ముడుచుకుని, గళ్లుగళ్లుగా ఉండే లోపలి పొర విడిపోతుంది. పోక పట్టకి, అంటే వక్కచెట్టు ఆకు మొదట్లో ఉండే పట్టకి, ఎండినా పట్టు ఉంటుంది, నానబెట్టి వేడి డై (అచ్చు) కింద నొక్కితే ఆకారం నిలుస్తుంది. సరిగా ఆరకుండా కట్ట కడితే మాత్రం వానాకాలంలో నల్ల బూజు ఖాయం. పైగా వక్కలోని ఆల్కలాయిడ్లు (సహజ విషాలు) తిండిలోకి దిగుతాయని 2025లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ పోక పట్ట పళ్లేల మీద హెచ్చరిక ఇచ్చింది. వేడి పులుసుకి నేనైతే సిఫారసు చేయను. క్యారేజీ తెచ్చుకున్నవాళ్లకి బాక్సు ఖరీదు తగ్గించి చూడండి, పులుసుకి స్టీలుని మించింది లేదు.

ఎరువుగుట్ట:
గొయ్యి వద్దండి. మన లంక భూముల్లో వానాకాలం మూడడుగులు తవ్వితే నీళ్లూరతాయి. గాలాడక కుళ్లి కంపు కొడుతుంది. నేలమీదే ఇటుకలు పరిచి, మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తుతో గుట్ట వేయండి. అంతకన్నా చిన్నదైతే వేడెక్కదు. బాక్సులు అరచేతంత ముక్కలుగా చింపి తడపండి. పిప్పిలో నత్రజని తక్కువ, అందుకని గంప ముక్కలకి గంప కూరగాయ తొక్కలు, రెండు దోసిళ్ల పచ్చి పేడ. చేప ముళ్లు పైకి కనపడితే కుక్కలు గుట్ట పీకేస్తాయి, నడిమధ్యలో వేయండి. పిడికిట పిండితే చుక్క రాలీ రాలనట్టుండాలి తడి. ఎక్కువైతే కొబ్బరి పొట్టు పలచగా చల్లండి, దండిగా వేస్తే మాత్రం అదే ఓ పట్టాన కుళ్లదు. వారానికోసారి తిరగెయ్యండి.

పీఎల్ఏ గ్లాసులు అందులో వేయకండి, వాటికి 58 డిగ్రీల వేడి వారాల తరబడి నిలవాలి.

కూరలబండి:
కంపోస్టబుల్ (ఎరువయ్యేది) అని అచ్చేసిన క్యారీ కవర్ల సంగతేంటి?

ఎరువుగుట్ట:
తయారీదారు పేరు, సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) సర్టిఫికెట్ నంబరు లేకపోతే కొనకండి. ఉన్నా మీ గుట్టలో వేయకండి, అవీ పెద్ద కంపోస్టు ప్లాంటు వేడికే కుళ్లుతాయి. ఉత్త బయోడిగ్రేడబుల్ అని రాసుంటే అసలు ముట్టుకోవద్దు.