జార్జెట్ హేయర్‌ని చారిత్రక నవలల జాబితాలో ఉంచాలా, తీసేయాలా?

శారద: మన జాబితాలోంచి ఇంగ్లీషు రచయిత్రి జార్జెట్ హేయర్ పేరు తీసేయమంటున్నారు రఘుగారు. ఎందుకు తీయాలి? వాటర్లూ యుద్ధం మీద 1937లో రాసిన నవలలో, నెపోలియన్‌ని అక్కడ ఓడించిన బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ పలికే ప్రతి మాటా ఆయన నిజంగా అన్నదో రాసిందో అని ఆవిడే చెప్పారు. ఆయన శైలి పట్టుకోవడానికి ఆయన ఉత్తరం ఒకటి కొన్నారు కూడా.

రఘు: ఉత్తరం కొంటే చరిత్ర రాసినట్టు కాదండి. ఆమె కథలు ఎక్కువగా జరిగేది రీజెన్సీ కాలంలో, అంటే రాజుకు మతి చలించి ఆయన బదులు యువరాజు పాలించిన 1811–1820లో. యంత్రాలు కూడు తీసేస్తున్నాయని నేతగాళ్ళు వాటిని పగలగొట్టిన రోజులవి. 1819లో మాంచెస్టర్‌లో ఓటు హక్కు అడిగిన జనం మీదికి గుర్రపు దళాన్ని తోలారు. ఆ ఇంగ్లండు ఎక్కడుంది? అన్నీ ప్రభువులు, డాన్సులు, పెళ్ళి సంబంధాలే.

కిరణ్: బట్టల వర్ణన మాత్రం అద్భుతం.

శారద: ఆవిడ మేడలో కూర్చుని రాయలేదు. 1925లో తండ్రి పోయాక ఇద్దరు తమ్ముళ్ళ భారం మీద పడింది. గనుల ఇంజనీరైన భర్త వెంట ఆఫ్రికాలో టాంగన్యీకా (ఇప్పటి టాంజానియా) వెళ్ళి, గడ్డి గుడిసెలో ఉంటూ రాశారు.

రఘు: గుడిసెలో ఉండి కూడా మేడల గురించే రాసింది. నేను అనేది అదే.

మాలతి: 1950లో వచ్చిన 'ది గ్రాండ్ సోఫీ'లో యూదు వడ్డీ వ్యాపారి వర్ణన చదివి పుస్తకం మూసేశాను. ఐరోపాలో అంత ఊచకోత జరిగి ఐదేళ్ళే అప్పటికి. దీన్ని ఎవరూ ఎత్తరేం?

పద్మజ: మాలతిగారూ, దాన్ని సమర్థించే మాట నా దగ్గర లేదు. కానీ శారదగారూ, నాకు కోపం మీ మీదే. మొదటి నుంచీ వెల్లింగ్టన్‌ని అడ్డం పెట్టుకుంటున్నారు, ప్రేమకథ బాగుందని ఒక్కసారీ అనలేదు. నేనూ పాతకాలపు ప్రేమకథలు రాస్తాను. ఒక పత్రిక ఎడిటర్ నా కథ తిప్పి పంపుతూ, చరిత్ర బాగుంది, ప్రేమ తగ్గించండి అన్నారు. హేయర్‌ని కూడా ఈ చిన్నచూపే తినేసింది. తన అసలు రచన అనుకున్న మధ్యయుగపు నవలను పదే పదే పక్కన పెట్టి, పన్నులు కట్టడానికి రీజెన్సీ కథలు రాసింది. ఆ నవల అసంపూర్తిగానే, ఆమె పోయాక 1975లో వచ్చింది. జనం ఇప్పటికీ చదివేది మాత్రం ఆ రీజెన్సీ కథలనే.

రఘు: అయితే ఆమే ఒప్పుకున్నట్టేగా!

పద్మజ: ఒప్పుకోలేదు, ఆమెతో ఒప్పించారు. మీలాంటివాళ్ళే.

రఘు: మాటలు జాగ్రత్తండి. నాకు ప్రేమ మీద కోపం లేదు. మా అమ్మమ్మ దొరల ఇంట్లో పనిచేసింది. ఇలాంటి నవలల్లో ఆమెలాంటి మనిషి టీ పెట్టి వెళ్ళిపోతుంది, మళ్ళీ కనబడదు. ఆ తీరిక ఎవరి కష్టం మీద వచ్చిందో చూపించని కథను నేను చరిత్ర అనలేను.

పద్మజ: ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ 'పెళ్ళి సంబంధాలే' అని తీసిపారేశారు చూడండి, అక్కడే గొడవ. ఆ రోజుల్లో ఇంగ్లండులో పెళ్ళయితే ఆడదాని సొమ్ము మొగుడిది. 1882 చట్టం దాకా అంతే. ఎవరిని చేసుకోవాలన్నది ఆమెకు బతుకు ప్రశ్న. అది చరిత్ర కాదా?

శారద: పేరు ఉంచుతున్నాను, మాలతిగారి అభ్యంతరం పక్కనే రాస్తాను. రఘుగారూ, మీరు చెప్పే ఇంగ్లండు కనబడే నవలలు ఉంటే పంపండి, చేరుస్తాను.

రఘు: పంపుతాను. ఆమె పక్కన మాత్రం వేయకండి.