సొంత ఎయిర్ పిస్టల్: అరవై వేలదా, సెకండ్ హ్యాండా, రెండు లక్షలదా? (విశాఖ)

గాజువాక_నాన్న:
పాపకి 14 ఏళ్లు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ క్లబ్బు తుపాకీతో నేర్చుకుంటోంది. కుడిచేతి వాటం, అరచెయ్యి చిన్నది. సొంతది కొనమని కోచ్ గారు అంటున్నారు. మూడు బేరాలు తగిలాయి. ఒకటి, మన దేశంలో తయారైన కొత్త పీసీపీ (ముందే గాలి నింపిన సిలిండర్‌తో కాల్చే రకం), 60 వేలు. రెండోది ఆస్ట్రియా వాళ్ల స్టెయిర్ ఎల్‌పీ10 సెకండ్ హ్యాండ్, 1,10,000. సిలిండర్ మీద 2015 అని ఉంది. మూడోది స్విట్జర్లాండ్ వాళ్ల కొత్త మొరీనీ, రెండు లక్షల పైమాటే. ధర పెరిగేకొద్దీ నిజంగా ఏం పెరుగుతుంది? లైసెన్స్ గొడవ ఏమైనా ఉందా?

పదో_వలయం:
లైసెన్స్ సంగతి ముందు. 2016 ఆయుధాల నియమాల ప్రకారం .177 అంగుళాల బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. మ్యాచ్ పిస్టల్‌లో అర గ్రాము పెల్లెట్ (చిన్న సీసపు గుండు) సెకనుకి 150 మీటర్ల వేగంతో పోతుంది, లెక్కేస్తే ఆరు జౌళ్లు కూడా రావు. డీలరు గుర్తింపు కార్డు, చిరునామా రాసుకుంటాడు. బిల్లు మాత్రం తుపాకీ పెట్టెలోనే ఉంచండి, ప్రయాణాల్లో అడుగుతారు.

ఇక ధర. చాలామంది బ్యారెల్ కోసం డబ్బు పోస్తున్నామనుకుంటారు. టార్గెట్ లెక్క చూడండి. పదో వలయం వ్యాసం 11.5 మి.మీ., పెల్లెట్ 4.5 మి.మీ. పెల్లెట్ అంచు గీతకి తగిలినా పదే. అంటే పెల్లెట్ కేంద్రం మధ్య నుంచి 8 మి.మీ. లోపు ఎక్కడ పడినా పదే. తుపాకీని వైస్‌లో రబ్బరు ముక్కల మధ్య బిగించి కాల్చినప్పుడు అయిదు రంధ్రాలూ కలిపి బయటి అంచుల మధ్య 10 మి.మీ. లోపు వస్తే ఆ బ్యారెల్‌కి వంక పెట్టక్కర్లేదు. మీరు చెప్పిన మూడింట్లో ఏదైనా అది చెయ్యగలగాలి. పిల్లల షాట్లు ఎనిమిదో వలయం దాకా, అంటే 43.5 మి.మీ. మేర చెదురుతాయి. ఆ చెదురు చేతిది, ట్రిగ్గర్‌ది.

కాబట్టి డబ్బు పెట్టాల్సింది ట్రిగ్గర్‌కీ గ్రిప్‌కీ. ట్రిగ్గర్ రెండు దశల్లో కదులుతుంది: మొదట తేలిగ్గా వెనక్కొచ్చి ఆగుతుంది, ఇంకొంచెం నొక్కితే షాట్ తెగుతుంది. అందులో నాలుగు సర్దుబాట్లు విడివిడిగా ఉండాలి: మొదటి దశ బరువు, రెండో దశ బరువు, రెండో దశ ఎక్కడ మొదలవ్వాలి, షాట్ పోయాక వేలు ఎంత వెనక్కి పోవాలి. చవకవాటిలో రెండో దశ మెత్తగా సాగుతుంది, ఎక్కడ తెగుతుందో వేలికి తెలియదు. ఇంకోటి, రోజుకో రకంగా ఉంటుంది. నొక్కడానికి సోమవారం 510 గ్రాముల బరువు చాలితే గురువారం 560 కావాలి. దానితో నేర్చుకున్న వేలు కుదుపుతో లాగడం నేర్చుకుంటుంది.

పరీక్ష తేలిక. తుపాకీలో పెల్లెట్ లేకుండా కాక్ చేసి (పేలడానికి సిద్ధం చేసి), బ్యారెల్ నిట్టనిలువుగా పైకి పెట్టి, ట్రిగ్గర్‌కి 500 గ్రాముల బరువు తగిలించి నేల మీంచి నెమ్మదిగా ఎత్తండి. బరువు లేవాలి, తుపాకీ పేలకూడదు. పోటీలో అధికారులు చేసేదీ ఇదే. 515–520 దగ్గర పెట్టుకుంటే నిశ్చింత. ఇది పదిసార్లు వరసగా చేసి చూడండి. పదిలో ఒక్కసారి పేలినా ఆ ట్రిగ్గర్ వద్దు.

డ్రై ఫైర్ ఉందో లేదో తప్పక అడగండి. గాలి, పెల్లెట్ ఖర్చు కాకుండా ట్రిగ్గర్ మాత్రమే తెగే ఏర్పాటు అది. ఇంట్లో గోడకి ఎదురుగా రోజూ అరగంట చేసేది దానితోనే. అది లేని పిస్టల్ 40 వేలకొచ్చినా ఖరీదే.

ఓరింగ్_ఆటోనగర్:
పై వారితో ఏకీభవిస్తాను, ఒక మాట కలుపుతాను. కొత్త స్వదేశీ తుపాకీ రెండేళ్ల తర్వాత అమ్మబోతే సగం ధర కూడా కష్టం. మంచి స్థితిలో ఉన్న స్టెయిర్‌కి అంత తరుగు ఉండదు. నేనైతే రెండోదే చూస్తాను, కానీ సరిగ్గా చూడాలి.

సిలిండర్ 2015 అన్నారు. తయారీ తేదీ నుంచి పదేళ్లే దాని ఆయుష్షు. గడువు దాటితే పోటీలో పరికరాల తనిఖీలోనే ఆపేయొచ్చు. 200 బార్ ఒత్తిడి చేతిలో పట్టుకునే వస్తువు, ఇందులో సర్దుకుపోవడాలు వద్దు. కొత్త సిలిండర్ ధర కనుక్కుని, ఆ మొత్తం బేరంలో తగ్గించమనండి. అమ్మేవాడు బాగానే పనిచేస్తోందిగా అంటాడు. పనిచెయ్యడం వేరు, చెల్లడం వేరు.

లీకు పరీక్ష: సిలిండర్‌ని 200 బార్‌కి నింపి, చల్లారాక గేజీ చూసి రాసుకోండి. తుపాకీకి బిగించి ఒక రాత్రి, విడిగా తీసి ఒక రాత్రి ఉంచండి. బిగించినప్పుడు మాత్రమే ముల్లు పడితే లోపం తుపాకీ వైపు ఓరింగులో (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయం), లేదా ఫైరింగ్ వాల్వులో. విడిగా ఉన్నా పడితే సిలిండర్ వాల్వు. ఓరింగులు చవక. లోపలి వ్యాసం, మందం వెర్నియర్‌తో కొలిచి ఆటోనగర్‌లో హైడ్రాలిక్ సీళ్ల దుకాణంలో అడగండి, నైట్రైల్ రబ్బరు, 90 షోర్ (గట్టిదనం కొలత) అని చెప్పండి. 70 షోర్‌వి మెత్తన, ఒత్తిడికి సందులోకి నలిగిపోతాయి. సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. మెషీన్ ఆయిల్ ఎట్టి పరిస్థితిలోనూ కాదు, అధిక ఒత్తిడి గాలిలో నూనె అంటుకుంటుంది. ఏం విప్పాలన్నా ముందు సిలిండర్ తీసి, తుపాకీలో మిగిలిన గాలి కాల్చేసి, అప్పుడే.

ప్రతి షాట్‌కీ ఒకే ఒత్తిడి అందించే రెగ్యులేటర్‌ని పరీక్షించడానికి క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) కావాలి. పది షాట్ల మధ్య వేగం తేడా సెకనుకి 3 మీటర్ల లోపు ఉంటే మంచిది. అయిదారు దాటితే అనుమానించండి. పది నిమిషాలు వదిలేసి మళ్లీ కాలిస్తే మొదటి షాట్ ఒక్కటే వేగంగా పోతోందా? రెగ్యులేటర్ సీటు అరిగింది, గాలి మెల్లగా పాకుతోంది.

మన ఊరి సంగతి వేరే చెప్పాలి. ఉప్పుగాలికి బ్యారెల్ కంటే ముందు వెనక సైటు మరలు, గ్రిప్ బోల్టు తుప్పు పడతాయి. పెట్టెలో ఉన్న స్పాంజి తేమ పీల్చుకుని తుపాకీకి అంటిస్తుంది. ఇంటికొచ్చాక బయటకి తీసి తుడిచి, సిలికా జెల్ ఉన్న బీరువాలో పెట్టండి. చేతి పంపుతో నింపితే ఈ ఊరి తేమంతా సిలిండర్‌లోకే. రుషికొండ వైపు డైవింగ్ వాళ్ల దగ్గర పొడిగాలి దొరుకుతుంది. 200 బార్ పెద్ద డైవింగ్ సిలిండర్ ఒకటి, దాన్నుంచి తుపాకీ సిలిండర్ నింపే డిన్ అడాప్టర్ ఒకటి ఉంటే నెలల తరబడి గడుస్తుంది. శ్వాసగాలి మాత్రమే. ఆక్సిజన్ పోస్తే పేలుతుంది.

ఎడమచేతివాటం:
ఖర్చు తగ్గాలంటే రష్యా బైకాల్ ఐజెడ్‌హెచ్-46ఎం సెకండ్ హ్యాండ్ కూడా ఉంది. సిలిండరే లేదు, ప్రతి షాట్‌కీ మీట ఒక్కసారి నొక్కాలి. గురి అద్భుతం. కానీ కిలో దాటి బరువు, మీటకి బలం కావాలి. 14 ఏళ్ల పాపకి అరవై షాట్లకి భుజం అయిపోతుంది. పెద్దవాళ్లకైతే చెప్పేవాణ్ణి.

గాజువాక_నాన్న:
అందరికీ ధన్యవాదాలండి. మొరీనీకి ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్, చాలా సాఫీగా ఉంటుందంటున్నారు. అది వదులుకోవడం పొరపాటా? గ్రిప్ చెయ్యికి పెద్దదైతే?

పదో_వలయం:
సాఫీగా ఉండే మాట నిజం, బరువు కూడా రోజూ ఒకేలా ఉంటుంది. ఆ స్థాయి పాప చేతికి వచ్చేసరికి రెండు మూడేళ్లు పడుతుంది. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్‌కి పోటీ మధ్యలో పిస్టల్ మొరాయించి చాలా నిమిషాలు పోయాయి. 575తో 12వ స్థానంలో ఆగింది. అంత పెద్ద జట్టు వెంట ఉన్నా అలా అయింది. మీ దగ్గర మెకానికల్ ట్రిగ్గర్ అయితే స్క్రూడ్రైవర్‌తో క్లబ్బులోనే సర్దుకోవచ్చు.

గ్రిప్ విషయంలో మొహమాటపడకండి. పాప చెయ్యి పెట్టాక చూపుడువేలి కొసన ఉన్న మెత్తటి భాగం మధ్య ట్రిగ్గర్ మీద నేరుగా పడాలి. వేలు పక్కవాటుగా తగిలితే ప్రతి షాటూ ఒక పక్కకే పోతుంది, ఎంత ఖరీదైన తుపాకీ అయినా. స్మాల్ సైజు గ్రిప్ దొరికితే అదే కొనండి. దొరక్కపోతే పెద్దదాన్ని ఆకురాయితో అరగదీసి, ఖాళీ ఉన్నచోట చెక్క పుట్టీ నింపొచ్చు. ముందు పుట్టీ పెట్టి రెండు వారాలు కాల్చాకే చెక్క కొయ్యండి, కోసింది మళ్లీ రాదు. ఎదిగే పిల్ల, ఏడాదిలో మళ్లీ మార్చాల్సి వస్తుంది.

ఓరింగ్_ఆటోనగర్:
పెల్లెట్ల లెక్క ఎవరూ చెప్పలేదు. వారానికి 500 షాట్లంటే వారానికో డబ్బా. డబ్బా వెయ్యి రూపాయలు అనుకున్నా ఏడాదికి 50 వేలు. మొదటి ఏడాది రోజువారీ సాధనకి చవక రకం, పోటీకి నెల ముందు నుంచి మాత్రమే ఖరీదైనవి. తల వ్యాసం 4.48, 4.49, 4.50 రకాల్లో ఒక్కో డబ్బా తెచ్చి వైస్‌లో పరీక్షించండి, ఏది సరిపడుతుందో తుపాకీని బట్టి ఉంటుంది. స్టెయిర్ తీసుకుంటే సిలిండర్ తీసి దాని తేదీ ముద్ర, తుపాకీ సీరియల్ నంబరు ఫొటో పంపమని అమ్మేవారిని ఇవాళే అడగండి. పంపడానికి వెనకాడితే ఆ బేరం వదిలేయండి.