జరిగింది రాస్తే పరువు నష్టమా? లాయర్ నోటీసు వచ్చింది, తెలిసినవాళ్లు చెప్పండి

గంటస్తంభం (విజయనగరం)

అందరికీ నమస్కారం. చాలా టెన్షన్‌లో ఉండి రాస్తున్నాను. మా నాన్న రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో ఊరికి కాస్త దూరంలో ఒక లేఅవుట్‌లో రెండొందల గజాలు కొన్నారు. ఏడాదిలో రోడ్లు, కాలవలు, కరెంటు స్తంభాలు వేస్తామన్నారు, నాలుగేళ్లయింది, తుప్పలు తప్ప ఏమీ లేవు, ఫోన్ చేస్తే ఎత్తరు. పోయిన నెల నాన్నని తీసుకెళ్తే ఆయన తన హద్దు రాయి కోసం ఆ తుప్పల్లో ఎండలో గంటసేపు వెతుక్కున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, లేచి ఫేస్‌బుక్‌లో పెద్ద పోస్ట్ రాసేశాను. కంపెనీ పేరు ఎక్కడా రాయలేదు. కానీ 'దొంగలు' అన్నాను, 'జనాన్ని ముంచే ముఠా' అన్నాను, లేఅవుట్ ముందున్న ఆర్చి ఫోటో కూడా పెట్టాను. చాలామంది షేర్ చేశారు.

మొన్న రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వచ్చింది. ఏడు రోజుల్లో పోస్ట్ తీసేసి, అందరికీ కనపడేలా క్షమాపణ చెప్పి, పాతిక లక్షలు కట్టాలట, లేకపోతే సివిల్, క్రిమినల్ రెండూ వేస్తారట. 2023లో రాహుల్ గాంధీకి సూరత్ కోర్టు రెండేళ్ల శిక్ష వేసిన సంగతి అమ్మకి గుర్తుంది, అంతటివాడికే తప్పలేదు నీకేటి దిక్కు అని అన్నం మానేసి కూర్చుంది. అసలు పేరే రాయనప్పుడు పరువు నష్టం ఎలా అవుతుంది? ఎవరికైనా ఇలా జరిగిందా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)

బాబూ, ముందు అమ్మగారి చేత అన్నం తినిపించు. నోటీసంటే కేసు కాదు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్లు పాఠాలు చెప్పాను. కరోనా రోజుల్లో ఐదు నెలలు జీతం ఇవ్వలేదు, పిల్లల దగ్గర ఫీజులు మాత్రం వసూలు చేశారు. అది రాశాను. నోటీసు వచ్చింది, పది లక్షలని.

నేను చేసిన పెద్ద తప్పు చెప్తాను. పోస్ట్‌మ్యాన్ కవరు తెస్తే తీసుకోకుండా వెనక్కి పంపేశాను, తీసుకోకపోతే అందనట్టే కదా అనుకున్నాను. అది కుదరదట. సరైన అడ్రసుకి రిజిస్టర్డ్‌లో పంపిన కవరు మనం వద్దంటే కోర్టు దాన్ని అందినట్టే లెక్కేస్తుంది. పైగా లోపల ఏముందో తెలియక నెలరోజులు నేనే కుమిలిపోయాను. రెండోసారి పంపితే తీసుకుని, లాయరు చేత జవాబు ఇప్పించాను, జీతం పడని నెలల పాస్‌బుక్ పేజీలు జత చేశాం. ఆ తర్వాత అటునుంచి మాట లేదు. జీతమూ రాలేదనుకో, ఆ బాధ వేరు.

ఫీజు ఇచ్చుకోలేనివాళ్లు ఎవరైనా చదువుతుంటే, జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, మిగతావాళ్లకి ఆదాయ పరిమితి ఉంది. 15100కి ఫోన్ చేసినా చెప్తారు. ఆ సంగతి నాకు అప్పుడు తెలియక గొలుసు తాకట్టు పెట్టాను.

కొత్తవలస కుర్రాడు

బ్రో, ఇవన్నీ ఎందుకు, పోస్ట్ డిలీట్ చేసి ఒక సారీ పడేయ్. వాళ్లకి డబ్బుంది, పది మంది లాయర్లుంటారు. మనం ఉద్యోగం చేసుకుంటామా కోర్టు చుట్టూ తిరుగుతామా?

జూనియర్ ప్లీడరు

విజయనగరం కోర్టులోనే ప్రాక్టీసు చేస్తున్నాను. తమ్ముడూ, సారీ అంత తొందరగా చెప్పొద్దు. 'నేను అబద్ధం రాశాను, క్షమించండి' అని వాళ్లు రాసిచ్చిన కాగితం మీద సంతకం పెడితే రేపు అదే కాగితం కోర్టులో మన మీద సాక్ష్యం. అలాగని మొండిగా ఉండమనీ అనను. నిజంగా తప్పు రాసుంటే వెంటనే సరిచేసి ఒప్పుకోవడమే మంచిది. ఇక్కడ ఏది తప్పు, ఏది ఒప్పు అన్నది విడదీసి చూడాలి.

పరువు నష్టానికి రెండు దారులున్నాయి. ఒకటి డబ్బు కోసం వేసే సివిల్ దావా. పోస్ట్ బయటికొచ్చిన రోజు నుంచి ఏడాదిలోపు వేయాలి. అడిగినంత సొమ్ముకీ దాని ప్రకారం కోర్టు ఫీజు ముందు వాళ్లే కట్టుకోవాలి, అందుకే నోటీసులో పాతిక లక్షలని రాసినంత తేలిగ్గా దావాలో రాయరు. రెండోది క్రిమినల్. ఇదివరకు ఐపీసీ 499, 500 సెక్షన్లు, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356. రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, కొత్త చట్టంలో సమాజ సేవ కూడా చేర్చారు. బెయిలబుల్. పోలీసులు తమంతట తాము ఎఫ్ఐఆర్ కట్టే నేరం కాదు, పరువు పోయిందన్న మనిషే మెజిస్ట్రేటు దగ్గర ప్రైవేట్ కంప్లైంట్ వేసుకోవాలి. కొత్త విధానంలో కేసు తీసుకునే ముందు మెజిస్ట్రేటు మన మాట కూడా వినాలి. కాబట్టి స్టేషన్ నుంచి ఫోన్ చేసి 'రా, లోపలేస్తాం' అని ఎవరైనా బెదిరిస్తే ఏ సెక్షనో అడగండి. ఆన్‌లైన్ పోస్టుల మీద పెట్టే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు, దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టేసింది. అయితే క్రిమినల్ పరువు నష్టం చట్టం చెల్లుతుందని 2016లో అదే కోర్టు చెప్పింది, కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అమ్మగారితో ఒక మాట చెప్పండి, రాహుల్ గాంధీ కేసులో కూడా 2023 ఆగస్టులోనే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

మీ పోస్ట్ సంగతి. పేరు రాయకపోతే చాలు అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. చదివినవాళ్లు ఇది ఫలానావాళ్ల గురించేనని పోల్చుకుంటే చాలు, మీ ఆర్చి ఫోటో ఆ పని చేసేసింది. కంపెనీకి కూడా చట్టం దృష్టిలో పరువుంటుంది. ఇక నిజం రాశాను కదా అంటారు. సివిల్లో నిజమని రుజువు చేస్తే సరిపోతుంది, క్రిమినల్లో మాత్రం నిజంతో పాటు అది ప్రజల మేలు కోసం బయటపెట్టానని కూడా చూపించాలి, ఆ రుజువు బరువు రాసినవాడి మీదే. 'ఫలానా తేదీన ఇంత కట్టాం, ఏడాదిలో రోడ్డు వేస్తామని బ్రోచరులో ఉంది, ఈ రోజుకీ లేదు' అన్నది రసీదుతో, ఫోటోతో రుజువవుతుంది. 'దొంగలు, ముఠా' అన్నది ఎలా రుజువు చేస్తారు? మీ కోపం న్యాయమైనదే, కానీ ఆ రెండు మాటల మీదే వాళ్ల నోటీసంతా నిలబడి ఉంటుంది.

పలాస జీడి

నాది నోటీసుతో ఆగలేదు, కోర్టు దాకా వెళ్లింది. అందుకే రాస్తున్నాను. మా ఊరి వాట్సాప్ గ్రూపులో మా పెదనాన్న కొడుకు గురించి రాశాను, ఉమ్మడి జీడి తోట కాగితాలు మార్చేశాడని. అది నేను కళ్లారా చూసింది కాదు, మా బావ చెప్పాడు. గ్రూపులో నూటాయాభై మంది, అందరూ చుట్టాలు, ఊరివాళ్లే. వాడికి అప్పుడే పెళ్లి సంబంధం కుదురుతోంది, ఈ మాట వల్ల అది తప్పిపోయిందని కంప్లైంట్ వేశాడు. సమన్లు వచ్చాయి.

నేను హైదరాబాదులో పని చేస్తాను. వాయిదా ఉన్నప్పుడల్లా ఫలక్‌నుమా ఎక్కి పలాసలో దిగేవాణ్ని. వెళ్తే ఒకసారి జడ్జిగారు సెలవు, ఒకసారి వాళ్ల లాయరు రాలేదు, ఒకసారి సాయంత్రం దాకా వరండాలో నిలబెట్టి ఇంకో తేదీ ఇచ్చారు. నాలుగేళ్లు. శిక్ష పడుతుందన్న భయం కంటే ఈ తిరగడమే మనిషిని అరగదీసేసింది. సెలవులు లేక ఒక ఉద్యోగం పోయింది. చెప్పిన బావ ఒక్కరోజు కూడా సాక్ష్యానికి రాలేదు. విన్నమాట రాసేవాళ్లు దయచేసి ఇది గుర్తుంచుకోండి, కోర్టులో నిలబడేది రాసినవాడే.

చివరికి మా పెద్దమ్మ చనిపోయినప్పుడు ఇద్దరం ఒకే పాడె మోశాం. పదకొండో రోజు వాడే అన్నాడు, ఇక చాలురా అని. పరువు నష్టం కేసు రాజీ పడదగినదే, వాడు కోర్టులో ఒప్పుకుంటే కొట్టేశారు. తోట తగాదా మాత్రం ఇంకా తేలలేదు.

అరసవల్లి అప్ప

నేను కథలు రాస్తాను, అచ్చయినవి రెండు శ్రీకాకుళంలోని కథల లైబ్రరీ కథానిలయంలో కూడా ఉన్నాయి. మా తాతగారు ఒకామెను చేరదీసి వదిలేసిన సంగతి పేరు, ఊరు మార్చి కథగా రాశాను. మా మావయ్య చదివి కేసు వేస్తానంటున్నారు. తాతగారు పోయి ముప్పై ఏళ్లయింది. చనిపోయినవాళ్ల మీద కూడా కేసు ఉంటుందా?

జూనియర్ ప్లీడరు

ఉంటుందమ్మా. బతికుంటే ఆ మనిషి పరువు పోయే మాటై, అది కుటుంబసభ్యుల మనసు నొప్పించాలనే ఉద్దేశంతో రాసిందైతే క్రిమినల్ సెక్షన్ వర్తిస్తుంది. ఉద్దేశమే ముఖ్యం. ఆ ఆడమనిషి బాధ చెప్పడానికి రాసిన కథకీ, మావయ్యగారి మీద కక్షతో రాసినదానికీ తేడా ఉంది, కథ చదివితే అది తెలిసిపోతుంది. కల్పితం అని కింద ఒక ముక్క రాసినంత మాత్రాన రక్షణ రాదు. ఊరు, వృత్తి, ఇంటి గుర్తులు ఇంకా దూరంగా మార్చండి. కథ మానేయొద్దు.

గంటస్తంభం గారూ, మరో సంగతి. మీ పోస్ట్ కింద ఎవరో ఆ ఓనర్ల కులం పెట్టి తిట్టారు. అది తీసేయండి, దానివల్ల ఇంకో రకం కేసు నెత్తిమీదికి వస్తుంది. తీసేముందు మొత్తం పేజీ తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి, లింకు కూడా దాచుకోండి.

కొత్తవలస కుర్రాడు

అన్నా, నేను ఆ పోస్ట్ షేర్ చేశాను. నాకూ వస్తుందా?

జూనియర్ ప్లీడరు

మళ్లీ ప్రచురించడం కూడా ప్రచురించడమే తమ్ముడూ. షేర్ చేస్తూ దాని పైన నువ్వు 'వీళ్లు పక్కా దొంగలు' అని రాసుంటే ముందు ఆ మాట తీసేయ్.

గంటస్తంభం (విజయనగరం)

పది రోజుల తర్వాత వస్తున్నాను. అందరికీ చేతులెత్తి దండం. మూడు లాంతర్ల దగ్గర ఒక సీనియర్ లాయరుగారిని కలిశాను. ఆ రెండు మాటలూ, ఆర్చి ఫోటో తీసేశాను. ఎందుకు తీశానో కూడా అక్కడే రాశాను, 'కోపంలో వాడిన మాటలు తీసేశాను, జరిగిన విషయం మాత్రం అలాగే ఉంచుతున్నాను' అని. దాని కింద కట్టిన తేదీలు, సొమ్ము, బ్రోచరులో ఇచ్చిన మాట, ఈ రోజు స్థలం ఎలా ఉందో రాశాను. క్షమాపణ రాయలేదు, పాతిక లక్షల ప్రశ్నే లేదని లాయరుగారు జవాబు పంపారు.

ఆయన చెప్పిన ఇంకో సంగతి నాకు చాలా ధైర్యం ఇచ్చింది. చట్టంలో పది మినహాయింపులున్నాయట, అందులో ఒకటి, అధికారం ఉన్నవాళ్లకి మంచి ఉద్దేశంతో చేసే ఫిర్యాదు పరువు నష్టం కాదు అని. ఐదొందల చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ అయితే రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, రిజిస్టర్ కావాలి. వీళ్లది ఉందో లేదో చూసి అక్కడ ఫిర్యాదు వేస్తున్నాం. నేను ఆ రాత్రి చేయాల్సిన పని ఇదే. నాన్న రసీదులన్నీ బీరువాలోంచి తీసి తేదీల వరసన పెట్టి, ఒక్కోదాని వెనక పెన్సిల్‌తో అంకె వేసిచ్చారు. అమ్మ తింటోంది.

విజయనగరం చుట్టుపక్కల ఇలాగే స్థలం కొని చిక్కుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే రసీదు కాపీతో నాకు విడిగా మెసేజ్ పెట్టండి, కలిసి ఫిర్యాదు వేద్దాం. కంపెనీ పేరు మాత్రం ఇక్కడ రాయొద్దు.