దక్కన్ చార్జర్స్ నుంచి సన్‌రైజర్స్ దాకా: జట్టు గెలుపులో కోచ్ వాటా ఎంత?

ఉప్పల్ ప్రేక్షకుడు (ప్రశ్న)

సన్‌రైజర్స్ హైదరాబాద్ 2023 ఐపీఎల్‌లో బ్రయాన్ లారా శిక్షణలో పది జట్లలో పదో స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది డేనియల్ వెటోరీ ప్రధాన కోచ్‌గా వచ్చారు, జట్టు ఫైనల్ దాకా వెళ్లింది. దీన్ని చూపి మా మిత్రుల్లో కొందరు జట్టుకు కోచే ప్రాణమంటున్నారు. మరికొందరు మైదానంలో ఆడేది ఆటగాళ్లే కాబట్టి, మంచి ఆటగాళ్లను కొన్న జట్టుకు కోచ్ ఎవరైనా ఒకటేనని వాదిస్తున్నారు. ఈ విషయాన్ని ఏ ఆధారంతో తేల్చుకోవాలి? తెలిసినవారు ఉదాహరణలతో వివరించగలరు.

ఎడమచేతి స్పిన్నర్

2024 నాటి మార్పును పూర్తిగా వెటోరీ ఖాతాలో వేయలేము. 2023 డిసెంబరు వేలంలో యాజమాన్యం ప్యాట్ కమిన్స్‌ను 20.50 కోట్ల రూపాయలకు, ట్రావిస్ హెడ్‌ను 6.80 కోట్లకు కొన్నది. కోచ్, కెప్టెన్ (కమిన్స్), ఓపెనర్ (హెడ్) ముగ్గురూ ఒకేసారి మారినప్పుడు ఎవరి వల్ల ఎంత మేలు జరిగిందో విడదీసి చెప్పడం సాధ్యం కాదు. అయితే అభిషేక్ శర్మ అంతకు ముందు నుంచీ జట్టులో ఉన్నవాడే. ఆ ఏడాది అతడు 200కు పైగా స్ట్రైక్ రేటుతో, అంటే బంతికి రెండు పరుగులకు మించిన వేగంతో 484 పరుగులు చేశాడు. త్వరగా ఔటైనా తన స్థానానికి ఢోకా లేదన్న నమ్మకం లేనిదే ఏ యువ బ్యాటరూ మొదటి బంతి నుంచి అలా ఆడలేడు. ఆ నమ్మకాన్ని ఇవ్వవలసింది కోచూ కెప్టెనూ. ఢిల్లీపై మొదటి ఆరు ఓవర్ల పవర్ ప్లేలో వికెట్ కోల్పోకుండా 125 పరుగులు వచ్చినదీ ఆ దూకుడుతోనే. ఫైనల్లో కోల్‌కతాపై 113కే కుప్పకూలినదీ అదే దూకుడుతో ఆడిన జట్టే కనుక, మెప్పుతో పాటు ఆ బాధ్యత కూడా కోచ్‌దే.

పాత స్కోరర్

మీ ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ మన ఊరి పాత జట్టు దక్కన్ చార్జర్స్. 2008లో అది పద్నాలుగు మ్యాచ్‌లలో రెండే గెలిచి చివరి స్థానంలో నిలిచింది. 2009లో డారెన్ లేమన్ కోచ్ అయ్యారు, ఆడమ్ గిల్‌క్రిస్ట్ పూర్తిస్థాయి కెప్టెన్ అయ్యారు, జోహన్నెస్‌బర్గ్ ఫైనల్లో బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించి జట్టు విజేతగా నిలిచింది. గిబ్స్, సైమండ్స్, రోహిత్ శర్మ, ఆర్పీ సింగ్, ఓఝా రెండేళ్లూ ఉన్నారు కాబట్టి, ఇక్కడితో ఆపితే కోచ్ మహిమ అనిపిస్తుంది. కానీ ఆ ఏడాది ఎన్నికల కారణంగా టోర్నీ దక్షిణాఫ్రికాకు తరలిపోయింది. బంతి లేచే ఆ పిచ్‌లపై ఆర్పీ సింగ్ 23 వికెట్లతో అందరికంటే ముందు నిలిచాడు. లీగ్ దశలో మన జట్టు గెలిచినవి ఏడు, ఓడినవీ ఏడు. ఢిల్లీపై సెమీఫైనల్లో గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 పరుగులు చేయకపోయి ఉంటే లేమన్ పేరు ఈ చర్చలోకే వచ్చేది కాదు.

అసలు పరీక్ష 2011లో జరిగింది. కోచ్ లేమనే, కానీ అంతకు ముందు జరిగిన పెద్ద వేలంలో గిల్‌క్రిస్ట్, సైమండ్స్, రోహిత్ ముగ్గురూ ఇతర జట్లకు వెళ్లిపోయారు. చార్జర్స్ ఆ ఏడాది ఏడో స్థానానికి పడిపోయింది, తర్వాతి ఏడాదీ కోలుకోలేదు. అదే లేమన్ 2013లో ఆస్ట్రేలియా కోచ్‌గా వెళ్లి, ఆ శీతాకాలంలోనే ఇంగ్లండ్‌తో జరిగే యాషెస్ సిరీస్‌ను 5-0తో గెలిపించారు. ఆయన తెలివి ఎక్కడికీ పోలేదు. దక్కన్‌లో ఆయన చేతిలో ఉన్న ఆటగాళ్లు పోయారు.

ఉప్పల్ ప్రేక్షకుడు

కృతజ్ఞతలండి. మరి కోచ్ చంద్రకాంత్ పండిట్ సంగతేమిటి? రాష్ట్ర జట్లు ఆడే రంజీ ట్రోఫీలో ఆయన చేయిపెట్టిన జట్టల్లా గెలిచిందంటారు కదా.

పాత స్కోరర్

పండిట్ గారి ఉదాహరణే నా అభిప్రాయాన్ని స్థిరపరచింది. అంతకు ముందు ఒక్కసారి కూడా రంజీ ట్రోఫీ గెలవని విదర్భను ఆయన 2017-18, 2018-19లలో వరుసగా విజేతను చేశారు. ఆ తర్వాత మధ్యప్రదేశ్‌కు 2021-22లో తొలి ట్రోఫీ తెచ్చిపెట్టారు. ఆ జట్లలో పెద్ద తారలు తక్కువ. ఆయన కోల్‌కతా నైట్ రైడర్స్‌కు వచ్చాక మాత్రం 2023లో ఏడో స్థానం, 2024లో టైటిల్, 2025లో ఎనిమిదో స్థానం దక్కాయి. గెలిచిన ఏడాది మెంటార్‌గా గంభీర్, 24.75 కోట్ల ధరకు మిచెల్ స్టార్క్ కొత్తగా వచ్చారు. రాష్ట్ర జట్టు కోచ్‌కు సీజన్‌కు ముందు నెలల తరబడి శిబిరాలు నడిపి, ఆటగాడి ఫిట్‌నెస్‌నూ అలవాట్లనూ దిద్దే సమయం ఉంటుంది. ఐపీఎల్ కోచ్‌కు దొరికేది రెండు నెలలు, అందులోనూ చాలా సమయం ప్రయాణాలకే పోతుంది. విదేశీ ఆటగాళ్లలో కొందరు మొదటి మ్యాచ్‌కు రెండు మూడు రోజుల ముందు మాత్రమే వస్తారు. కాబట్టి ఫ్రాంచైజీ కోచ్ ప్రభావం చూపేది నెట్స్ సాధనలో కంటే వేలం బల్ల దగ్గర, తుది జట్టు ఎంపికలో ఎక్కువ అని నా అభిప్రాయం. అక్కడ ఆయన మాటకు విలువ లేకపోతే ఓటమికి ఆయనను తప్పుపట్టడం అన్యాయం.

ఎడమచేతి స్పిన్నర్

టామ్ మూడీని కూడా చేర్చండి. 2013 నుంచి 2019 దాకా ఏడు సీజన్లలో ఐదుసార్లు సన్‌రైజర్స్ ఆయన శిక్షణలో ప్లేఆఫ్స్ చేరింది, 2016లో విజేత అయింది. ఆయన 2022లో తిరిగి ప్రధాన కోచ్‌గా వచ్చేసరికి వార్నర్ ఢిల్లీలోనూ, రషీద్ ఖాన్ గుజరాత్‌లోనూ ఉన్నారు. జట్టుకు దక్కింది ఎనిమిదో స్థానం.