కారు స్టీరియోలో పెన్‌డ్రైవ్ భజనలు ఆగి ఆగి వస్తున్నాయి, దారి చెప్పగలరా?

మా కారు 2014 నాటిది. దానితో వచ్చిన స్టీరియోలో ఇన్నేళ్లూ 8 జీబీ పెన్‌డ్రైవ్ చక్కగా పనిచేసింది. గత నెల 64 జీబీది కొని పెడితే అసలు గుర్తించలేదు. అది ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో (పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) ఉందని తెలిసి, ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌కి మార్చాక గుర్తించింది.

అందులో ఉన్నవి మా నాన్నగారు ఊరి రామాలయంలో పాడిన భజనలు. పాత క్యాసెట్ల నుంచి ఒక్కొక్కటీ నేనే ఎంపీ3గా మార్చాను. అమ్మ కారెక్కగానే అవే అడుగుతుంది. 01, 02 అని అంకెలు వేసినా స్టీరియో వరుస తప్పించి పాడింది. కొన్ని స్టీరియోలు పేర్లను కాక, ఫైళ్లు ఎక్కించిన వరుసనే పాటిస్తాయని చదివి, అన్నీ చెరిపి ఒక్కొక్కటిగా మళ్లీ ఎక్కించాను. వరుస కుదిరింది.

కానీ ఇప్పుడు ప్రతి భజన తర్వాతా ఫైలు చదవలేనన్న సందేశం వచ్చి, కాసేపు నిశ్శబ్దం. నాది మ్యాక్ కంప్యూటర్. చుక్క, అడుగుగీతతో (._) పేరు మొదలయ్యే దాగిన ఫైళ్లను అది పెన్‌డ్రైవ్‌లో వదులుతుందట. కారణం అవేనా? వాటిని మాత్రమే ఎలా తీసేయాలి? తీసేస్తే వరుస మళ్లీ చెదురుతుందా?

ఇంకొకటి, కారు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మొదటి భజనకే వెళుతోంది. పాత పెన్‌డ్రైవ్‌తో ఆగిన చోటి నుంచే వచ్చేది. సుమారు 300 ఫైళ్లు ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి, విడదీస్తే మేలా?

దుకాణంలో కొత్త స్టీరియో పెట్టించమంటున్నారు. అమ్మకు ఈ బటన్లే అలవాటు, మార్చడం నాకిష్టం లేదు. ఇలాంటిది సరిచేసుకున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.