కాలనీ షటిల్ హాలు: రేకుల వేడి, లైట్ల బిల్లు, వేడినీళ్లు. ప్రభుత్వ డబ్బు ఏ పద్దులో అడగాలి? (ఆన్‌లైన్ చర్చ; ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి మారుపేరు)

విద్యానగర్ షటిల్:
హాలు 75 అడుగులు × 58 అడుగులు. పక్కపక్కన మూడు కోర్టులు. ట్రస్సుల (పైకప్పు మోసే చట్రాల) మీద నీలం రంగు రేకు, దాని కింద ఏ లైనింగూ లేదు. వెలుతురు కోసం మధ్యమధ్య ఆరు ఫైబర్ షీట్లు ఉన్నాయి. గోడలు తొమ్మిదంగుళాల ఇటుక. లైట్లు 400 వాట్ల మెటల్ హాలైడ్ 18, స్నానాల గదుల్లో 25 లీటర్ల గీజర్లు 4. ఆట పొద్దున 5 నుంచి 8, సాయంత్రం 5.30 నుంచి 9.30. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఏడింటికి కూడా లోపల నిలబడలేం.

సంఘంలో ఒకరు 30 టన్నుల ఏసీ కొటేషన్ తెచ్చారు. ఇంకొకరు ఎంపీ నిధులు అడుగుదాం అంటున్నారు. చలి దేశాల్లో స్పోర్ట్స్ హాళ్ల హీటింగ్ మార్చడానికి, గోడలకు ఇన్సులేషన్ వేయడానికి ప్రభుత్వాలు గ్రాంట్లు ఇస్తాయి కదా, మన దగ్గర అలాంటిది ఉందా? ముందు ఏం చేయాలి, ఎవరిని అడగాలి?

ఎస్టిమేట్ బాబాయ్:
డబ్బు కంటే ముందు స్థలం సంగతి తేల్చండి. లేఅవుట్‌లో ఖాళీ జాగాగా చూపించి, గిఫ్ట్ డీడ్‌తో కార్పొరేషన్‌కు రాసిచ్చిన చోట హాలు కట్టి ఉంటే, అది జీహెచ్‌ఎంసీ ఆస్తి. మీరు వాడుకుంటున్నారంతే. అలాంటప్పుడు పని జీహెచ్‌ఎంసీ ఇంజనీరింగ్ విభాగం చేయాలి, మీరు చేతిలో డబ్బున్నా రేకు కూడా మార్చకూడదు. సొసైటీ పేరున రిజిస్టరైన స్థలమైతే దారి వేరు. లేఅవుట్ ప్లాన్ కాపీ, గిఫ్ట్ డీడ్ లేదా సేల్ డీడ్, సొసైటీ రిజిస్ట్రేషన్, ఆడిట్ అయిన లెక్కలు ఒక ఫైల్లో పెట్టుకోండి. ఏ ఆఫీసుకెళ్లినా మొదటి ప్రశ్న ఇదే.

మీరడిగిన రకం గ్రాంటు, అంటే ఆటల హాలు కరెంటు పొదుపుకే అని కాలనీ సంఘం నేరుగా దరఖాస్తు పెట్టుకునే పథకం, మన దగ్గర లేదు. పనిని ముక్కలు చేసి ఒక్కో ముక్కను దానికి సరిపోయే పద్దులో అడగాలి.

ఎంపీ నిధులు: ఏడాదికి ఒక్కో ఎంపీకి 5 కోట్లు. ఎంపీ సిఫారసు మాత్రమే చేస్తారు, మంజూరు జిల్లా యంత్రాంగానిది. సంఘం ఖాతాలో రూపాయి పడదు, పని ప్రభుత్వ ఏజెన్సీ చేస్తుంది. ఆ నిధి ఉద్దేశం అందరికీ పనికొచ్చే, మన్నే ఆస్తి ఏర్పాటు చేయడం. ‘మరమ్మతు’ అని రాసిన కాగితం చాలాసార్లు మొదటి బల్ల దగ్గరే ఆగిపోతుంది. ‘వెంటిలేషన్ వ్యవస్థ ఏర్పాటు’, ‘లైటింగ్ వ్యవస్థ ఏర్పాటు’ అని నిజంగా కొత్తగా వచ్చేవాటినే అడగండి. రంగు వేయించడం దీంట్లో పెట్టకండి. ఎమ్మెల్యే నియోజకవర్గ నిధి కూడా దాదాపు ఇదే తీరు, కాకపోతే చిన్న పనులకు తొందరగా కదులుతుంది.

ఖేలో ఇండియా గురించి ఎవరో ఒకరు చెప్తారు. అందులో క్రీడా వసతుల పద్దు ఉన్నమాట నిజమే, కానీ ప్రతిపాదన రాష్ట్ర ప్రభుత్వం ద్వారా వెళ్లాలి. మూడు కోర్టుల కాలనీ హాలుకు దాని వెంట పడటం దండగ.

కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బు ప్రభుత్వానిది కాదు గానీ చట్టం వల్ల వచ్చేదే. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో ఆటల శిక్షణా ఉంది, పర్యావరణమూ ఉంది. చిక్కేమిటంటే, పని చేసే సంస్థకు ఆదాయపు పన్ను శాఖ 12ఏ, 80జీ, కంపెనీల శాఖ సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్లు ఉండాలి. కాలనీ సంఘాలకు ఇవి దాదాపుగా ఉండవు, ఉన్న ట్రస్టు ద్వారా అడగాల్సిందే. హాలు సభ్యులకు మాత్రమే అంటే అక్కడితో సరి. పొద్దుటి పూట ఒక గంట సర్కారు బడి పిల్లలకు ఉచితంగా ఇస్తామని తీర్మానం చేసి జత చేయండి, ఆ మాట మీద నిలబడండి కూడా.

రేకులూ ట్రస్సులూ:
ఏసీ కొటేషన్ పక్కన పెట్టండి. లెక్క చూడండి. వాలు, అంచులు కలిపితే మీ పైకప్పు సుమారు 4,800 చదరపు అడుగులు, అంటే 446 చదరపు మీటర్లు. మే నెల మిట్టమధ్యాహ్నం చదరపు మీటరుకు 900 వాట్ల ఎండ అనుకుంటే, పాత నీలం రేకు అందులో 70 శాతం పీలుస్తుంది: దాదాపు 280 కిలోవాట్లు. అదే పైకప్పుకు తెల్ల పూత వేసి పీల్చేది 25 శాతానికి తెస్తే 100 కిలోవాట్లు. అందులో కొంత మళ్లీ పైకే పోతుంది, మిగతాది మీ నెత్తిన. 30 టన్నుల ఏసీ తీసేది 105 కిలోవాట్లు. రేకును అలాగే ఉంచి ఏసీ పెట్టడమంటే చిల్లికుండలో నీళ్లు పోయడమే.

కానీ ఇన్సులేషన్ అని వెంటనే పరుగెత్తకండి. మీ ఆట ఎండ లేని వేళల్లో. సన్న రేకు సూర్యుడు దిగగానే చల్లబడి, రాత్రంతా ఆకాశంలోకి వేడి వదులుతుంది. సాయంత్రం ఏడింటికి మిమ్మల్ని ఉడికించేది పగలంతా వేడెక్కిన ఇటుక గోడ, నేల. కింద 50 మిల్లీమీటర్ల గ్లాస్‌వూల్ (ఫాయిల్ అంటించిన గాజు పీచు పరుపు) వేస్తే పగటి వేడి ఆగుతుంది, నిజమే, కానీ రాత్రి చల్లదనం కూడా ఆగుతుంది. దానికి తోడు పావురాలు చేరి ఫాయిల్ చింపేస్తాయి, గాజు పోగులు కోర్టు మీద పడతాయి. వేసవి సెలవుల్లో పగలు 10 నుంచి 4 దాకా కోచింగ్ క్యాంపు నడిపేవాళ్లకే అది దండగ కాదు. మీకు తెల్ల పూత, రాత్రి గాలి చాలు.

పూతలో జరిగే మోసం మందంలో. ఆరిన తర్వాత 300 మైక్రాన్లు (0.3 మిల్లీమీటరు) ఉండాలి. డబ్బాలో ఘనపదార్థం పరిమాణంలో సగమైతే తడి పూత 600 మైక్రాన్లు, అంటే చదరపు మీటరుకు 0.6 లీటరు. మీ పైకప్పుకు 268 లీటర్లు. వంద లీటర్లతో రెండు పొరలు వేసేస్తా అన్నవాడి పూత 112 మైక్రాన్లే తేలుతుంది, రెండు వానలకు పొరలు లేస్తుంది. డబ్బాలు సీలుతో దింపించి లెక్కపెట్టి తీసుకోండి, ఖాళీవి పని అయ్యేదాకా బయటికి పోనివ్వకండి. స్పెసిఫికేషన్లో కొత్తగా ఉన్నప్పటి ఎస్‌ఆర్‌ఐతో (ఎండను ఎంత తిప్పికొట్టి, వేడిని ఎంత వదులుతుందో చెప్పే అంకె) పాటు మూడేళ్ల తర్వాతి ఎస్‌ఆర్‌ఐ కూడా అడగండి. మన దుమ్ముకు మొదటి అంకె నిలవదు. ఏటా ఫిబ్రవరి చివర్లో ఒకసారి నీళ్లతో కడిగిస్తే చాలావరకు తిరిగొస్తుంది.

వరుస ఇది: ముందు రేకు స్క్రూల కింది రబ్బరు వాషర్లు ఎండి పగిలి ఉంటాయి, అవి మార్చాలి. తర్వాత తుప్పు గీకి ప్రైమర్, అతుకుల మీద జాలీగుడ్డ పెట్టి సీలింగ్, ఆపైన కడుగు, ఆరాక పూత. పొద్దున పదకొండు లోపలే వేయాలి. కాలిన రేకు మీద వేస్తే నీరు ఒక్కసారిగా ఆవిరై బుడగలు వస్తాయి. ఫైబర్ షీట్లలో నాలుగు తీసేసి రేకు వేయండి. అవి వేడి తెస్తాయి, పొద్దుటి పూట షటిల్ కనపడనివ్వవు.

ఎవరివైనా పాత సిమెంటు రేకులైతే మాత్రం పొడిగా వైరు బ్రష్ పెట్టి గీకొద్దు. ఆస్బెస్టాస్ నూగు గాల్లో కలుస్తుంది. తడిపి, మాస్కులతో, లేదా ముట్టుకోకుండా పైనుంచే ప్రైమర్.

రంగు లేని మెరిసే గాల్వాల్యూమ్ (అల్యూమినియం, జింకు పూత ఉన్న) రేకు చల్లగా ఉంటుందని కొందరి నమ్మకం. అది ఎండను బాగానే తిప్పికొడుతుంది, కానీ పీల్చిన కొద్ది వేడినీ వదలదు. తెల్ల పూత రెండూ చేస్తుంది.

విద్యానగర్ షటిల్:
చాలా థాంక్స్ అండీ. రాత్రి గాలి అన్నారు. టర్బో వెంటిలేటర్లు ఎనిమిది పెట్టమని ఒకరు చెప్పారు. కూల్ రూఫ్ పాలసీ అని ఒకటి వచ్చింది కదా, దాని కింద డబ్బు రాదా?

రేకులూ ట్రస్సులూ:
టర్బో గాలి వీస్తేనే తిరుగుతుంది. మీకు కావలసింది గాలి కదలని మే నెల రాత్రి. పైగా కింద గాలి లోపలికొచ్చే దారి లేకుండా పైన ఎన్ని పెట్టినా అలంకారమే. మీ హాలు ఘనపరిమాణం సుమారు 3,400 ఘనమీటర్లు. గంటకు పదిసార్లు గాలి మారాలంటే 34,000 ఘనమీటర్లు, అంటే 24 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్లు నాలుగు, త్రికోణపు గోడల పైభాగంలో. ఇక కింద, పొడుగు గోడల్లో లూవర్లు (వాలు రెక్కల గాలి కిటికీలు). గాలి సెకనుకు ఒక మీటరుకు మించకుండా రావాలంటే వంద చదరపు అడుగుల ఖాళీ కావాలి. దోమల జాలీ, లూవర్ రెక్కలు సగం తినేస్తాయి కాబట్టి రెండు గోడల్లో కలిపి 200 చదరపు అడుగులు కొట్టాలి. ఇంత ఎందుకంటే సందు చిన్నదైతే గాలి ఈలగా దూసుకొచ్చి షటిల్ పక్కకు పోతుంది, ఆడేవాళ్లు ఫ్యాన్ కట్టేస్తారు, కథ మొదటికి. టైమర్ పెట్టి రాత్రి 10 నుంచి పొద్దున 5 దాకా నడపండి, ఆటప్పుడు అవసరమైతే రెండు. ఈ లూవర్లకు గోడ పగలగొట్టేచోట లింటెల్ (పైగోడ బరువు మోసే దిమ్మె) మర్చిపోవద్దు.

తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ 2023-28 కొత్త ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు దాటిన ఇళ్లకు ఎండను తిప్పికొట్టే పైకప్పు తప్పనిసరి చేసింది. మీకు చెక్కు ఇవ్వదు. కానీ జీహెచ్‌ఎంసీ ఆస్తి అయితే మీ అర్జీలో మొదటి పేరా ఆ పాలసీయే కావాలి.

మీటర్ రీడింగ్:
లైట్ల సంగతి నేను చెప్తా, అసలు డబ్బు మిగిలేది అక్కడే. 400 వాట్ల మెటల్ హాలైడ్ చోక్‌తో కలిపి 435 దాకా తింటుంది. 18 కలిపి 7.8 కిలోవాట్లు. వాటి బదులు 150 వాట్ల ఎల్‌ఈడీ హైబే (ఎత్తైన కప్పుకు బిగించే లైట్లు) 24, వాట్‌కు 130 ల్యూమెన్ల వెలుతురు: 3.6 కిలోవాట్లు. షటిల్ హాలు గోడలకు ముదురు ఆకుపచ్చ వేస్తారు కాబట్టి వినియోగ గుణకం (లైటు వెలుతురులో కోర్టుకు చేరే వంతు) 0.5 కంటే ఎక్కువ వేసుకోకండి. దుమ్ముకు 0.8. కోర్టు మీద వెలుతురు సగటున 460 లక్స్ వస్తుంది, రోజువారీ ఆటకు హాయిగా సరిపోతుంది.

బిగింపు కోర్టు మీద కాదు. కోర్టుల మధ్య సందుల్లో, రెండు చివర్లలో, మొత్తం నాలుగు వరుసలు, వరుసకు ఆరు. నెట్ దగ్గర తల ఎత్తినప్పుడు కంట్లో లైటు పడితే ఎన్ని లక్స్ ఉన్నా తిట్లే. లైటు డ్రైవర్ (ఎల్‌ఈడీకి కరెంటు సర్ది ఇచ్చే పెట్టె) 50 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు రేట్ అయినదే తీసుకోండి, మే నెలలో రేకు కింద గాలి అంతే ఉంటుంది. 35కు రేట్ అయినవి రెండో వేసవిలో మిణుకుమంటాయి. సర్జ్ ప్రొటెక్షన్ (కరెంటు ఒక్కసారిగా ఎగిసినప్పుడు కాపాడేది) 10 కేవీ అడగండి.

మిగులు 4.2 కిలోవాట్లు, రోజుకు 7 గంటలు, 350 రోజులు: సుమారు 10,300 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలనుకుంటే 92 వేలు. ఇంత త్వరగా తిరిగొచ్చే పనికి ఎవరి సంతకం కోసమో ఏడాది ఎదురుచూడటం తెలివి కాదు. హాలు మీదైతే సొంత డబ్బుతో లైట్లు మార్చండి. తర్వాత కాంట్రాక్టెడ్ లోడ్ (మీ కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లు) తగ్గించమని డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, అర్జీ పెట్టండి, ఫిక్స్‌డ్ చార్జీ కూడా దిగుతుంది. చాలామంది ఇది వదిలేస్తారు.

సోలార్: పీఎం సూర్య ఘర్ అనే కేంద్ర పథకంలో సంక్షేమ సంఘాల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది, ఇంటికి 3 కిలోవాట్ల లెక్కన, మొత్తం 500 కిలోవాట్లు మించకుండా. 10 కిలోవాట్లకు 1.8 లక్షలు. ఏడాదికి 14,000 యూనిట్ల చిల్లర పండుతుంది. మెలిక బిల్లులో ఉంది. ఆ పథకం నివాస కనెక్షన్లకు. మీ హాలు మీటరు వాణిజ్య కేటగిరీలో, అంటే ఎల్‌టీ-2లో ఉంటే అక్కడే తిరస్కారం. మీటరు సంఘం పేరున ఉండాలి, పాత అధ్యక్షుడి పేరున కాదు. ఈ రెండూ చూసుకున్నాకే వెండర్‌ను పిలవండి. ప్యానెళ్లు మన దేశంలో తయారైన సెల్స్‌వే అయి ఉండాలి. బిగింపు పర్లిన్లకు (రేకు కింది అడ్డ కమ్మీలకు), ఉత్త రేకుకు కాదు: 18 ప్యానెళ్ల బరువు 500 కిలోలే, ట్రస్సుకు అది పెద్ద లెక్క కాదు. భయం గాలి ఎత్తేయడం. హైదరాబాద్‌కు ఐఎస్ 875 అనే భారత ప్రమాణం ప్రకారం సెకనుకు 44 మీటర్ల గాలివేగం లెక్కలోకి తీసుకుని స్ట్రక్చరల్ ఇంజనీరు సర్టిఫికెట్ ఇవ్వాలి. తెల్ల పూత ముందు, ప్యానెళ్లు తర్వాత.

వేడినీళ్లకు ఎవరి డబ్బూ అడగొద్దు. సోలార్ హీటర్లకు కేంద్రం సబ్సిడీ 2014లోనే ఎత్తేశారు. ముప్పైమంది, మనిషికి పది లీటర్లు, 25 డిగ్రీలు వేడెక్కాలి: రోజుకు 8.7 యూనిట్లు. చలి నాలుగు నెలలే, మొత్తం వెయ్యి యూనిట్ల పైచిలుకు, 9-10 వేల రూపాయలు. గీజర్లకు పొద్దున 4.30 నుంచి 8 దాకా టైమర్, థర్మోస్టాట్ 50 మీద. హీట్ పంప్ ఏడాదంతా వేడినీళ్లు వాడే హాస్టళ్లకు, ఈత కొలనులకు బాగుంటుంది, మీకు కాదు.

ఎస్టిమేట్ బాబాయ్:
మీటర్ రీడింగ్ గారితో ఒక్కచోట తేడా. హాలు జీహెచ్‌ఎంసీదే అని తేలితే లైట్లు కూడా మీరు మార్చొద్దు. కనీసం ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని, దించిన పాత ఫిట్టింగులు లెక్కతో అప్పగించండి. ప్రభుత్వ ఆస్తిలో సామాను తీసి అమ్మారని తర్వాత ఆడిట్ రాస్తే పీకలమీదకొస్తుంది.

ప్రభుత్వ డబ్బుతో పూత వేయిస్తే ఇంకో చిక్కు. ఎస్టిమేట్‌లో ‘రెండు పొరలు తెల్ల రంగు’ అని చదరపు మీటర్లలో రాస్తే, ఎం-బుక్‌లో (పని కొలతల పుస్తకంలో) విస్తీర్ణమే కొలుస్తారు, మందం ఎవరూ కొలవరు. అందుకని ఐటమ్ వర్ణనలోనే చదరపు మీటరుకు 0.6 లీటరు, ఆరిన మందం 300 మైక్రాన్లు, మూడేళ్ల గ్యారంటీ అని ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) చేత రాయించండి. టెండరు పిలిచాక మార్చడం కుదరదు. అర్జీతో పాటు 12 నెలల కరెంటు బిల్లులు, హాలు కొలతల డ్రాయింగు, మధ్యాహ్నం రెండింటికి రేకు అడుగున ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ రీడింగు ఫొటో పెట్టండి. వేసవి పని వేసవిలో అడిగితే మంజూరయ్యేసరికి వానలొస్తాయి, తడి రేకు మీద పూత వేయలేరు. దసరా లోపు ఫైలు కదిలితే జనవరి, ఫిబ్రవరిలో పని పడుతుంది.

విద్యానగర్ షటిల్:
మీటరు చూశాను, ఎల్‌టీ-2 అనే ఉంది, పేరు పాత కార్యదర్శిది. కేటగిరీ ముందా, పేరు ముందా?

మీటర్ రీడింగ్:
పేరు ముందు. సంఘం తీర్మానం, రిజిస్ట్రేషన్ కాపీ, స్థలం కాగితం, బకాయి లేని బిల్లు పట్టుకుని సెక్షన్ ఆఫీసులో పేరు మార్పు పెట్టండి. అది అయ్యాక సంఘం పేరునే కేటగిరీ అర్జీ. కోచింగ్ అకాడమీకి అద్దెకిచ్చి ఫీజులు వసూలు చేస్తుంటే మాత్రం కేటగిరీ మార్పు అడగకండి, తనిఖీకి వచ్చినవాళ్లు బోర్డు చూసి వెనక్కి పంపుతారు. సబ్సిడీ లేకుండా సోలార్ పెట్టుకున్నా ఎల్‌టీ-2 రేటుకు గిట్టుబాటే.