రాయలసీమలో చల్లటి ఇల్లు: రాతిగోడ మేలా, ఏఏసీ బ్లాకులు మేలా?

బనగానపల్లె బిడ్డ:
మాది నంద్యాల జిల్లా, బనగానపల్లె పక్కన పల్లె. తాతల నాటి రాతిగోడల మట్టి మిద్దె ఉంది, వానాకాలం వస్తే ఉరుస్తోంది. తీసేసి కొత్తది కట్టాలి. నాన్న గోడలు రాయితోనే కట్టాలని పట్టుబట్టారు. హైదరాబాద్‌లో ఉండే తమ్ముడేమో ఏఏసీ బ్లాకులు (ఫ్యాక్టరీలో చేసే తేలికపాటి సిమెంటు ఇటుకలు), రెండు పొరల అద్దాల కిటికీలు పెడితే కరెంటు బిల్లు సగానికి సగం తగ్గుతుందంటున్నాడు. ఇంట్లో ఉండేది అమ్మానాన్నలిద్దరే. ఏసీ ఒక్క గదికే, అదీ ఎండాకాలంలోనే. కరెంటు తరచూ పోతుంది. ఏది మేలో చెప్పండి.

అనంత రైతు:
నాన్నగారి మాట వినండి. మేం ఇప్పటికీ మిద్దెలోనే ఉంటున్నాం. గోడ మందం రెండడుగులు. దూలాలు, దంతెలు (దూలాల మీద వేసే అడ్డకర్రలు), వాటి మీద బండలు, ఆపైన మట్టి, అన్నిటికంటే పైన వాన దిగకుండా చౌడు (ఉప్పుమట్టి). మధ్యాహ్నం మూడింటికి వీధిలో కాలు పెట్టలేం, లోపల బండల మీద చాప వేసుకుని హాయిగా నిద్రపోతాం. వేడిగాలి గవాక్షిలోంచి పైకి పోతుంది, వెలుతురు కిందికి వస్తుంది. కరెంటు పోయినా మాకు టెన్షన్ లేదు. రాయి మీ ఊరి చుట్టూ దొరికేదే. ఫ్యాక్టరీలో బ్లాకు తయారీకి, దాన్ని లారీలో మీ ఊరు చేర్చడానికి అయ్యే ఇంధనాన్ని ఆదా లెక్కలో ఎవరూ కలపరు. నాకు కోపం అక్కడే.

సైట్ ఇంజినీరు:
ఇంధనం లెక్క సబబే అన్నా, కాదనను. కానీ వానలకు ముందు మిద్దె ఎక్కి చౌడు పోసేదెవరు? పెద్దాయనా? దంతెలకు చెదలు పడితే మార్చడానికి ఈ రోజుల్లో అంత కలప ఎక్కడిది? 2009 అక్టోబరు వరదలు కర్నూలు జిల్లా మరిచిపోలేదు. నానిన మట్టిగోడ చెప్పి కూలదు.

ఇంకో మాట. రాయి వేడిని ఆపుతుందని చాలామంది నమ్ముతారు. నిజానికి వేడి రాయిలోంచి సులువుగానే పోతుంది. అంత మందం, అంత బరువు ఉంది కాబట్టి ఆలస్యంగా లోపలికి వస్తుంది, అంతే. ఏఏసీ బ్లాకు నిండా గాలి బుడగలే. మామూలు మట్టి ఇటుకతో పోలిస్తే వేడి దాదాపు నాలుగో వంతే దాటుతుంది. ఏసీ వేసిన గదికి దానికి మించిన గోడ లేదు.

బెజవాడ వాసి:
మా కృష్ణా తీరంలో రాతిగోడ సలహా ఎవరూ తీసుకోకండి. మాకు మేలో రాత్రి కూడా ఉక్కపోతే. గోడ చల్లారేదెప్పుడు? మండువా లోగిళ్లు, ఎత్తయిన పెంకుటిళ్లు ఇక్కడ పుట్టింది గాలి ఆడటం కోసం. "సంప్రదాయం" అని అన్నిటినీ ఒకే గాటన కట్టకండి.

నక్షా గీసేవాణ్ణి:
బెజవాడ వారి మాట అసలు విషయానికి దగ్గరగా ఉంది. అనంత రైతు గారూ, మీ మిద్దె చల్లగా ఉండేది గోడల వల్లే అనుకుంటున్నారు. నేను గోడ కంటే కప్పుకే ఎక్కువ పేరు ఇస్తాను. మే నెలలో మన సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం నిలబెట్టిన కర్రకు నీడే పడదు, బనగానపల్లెకు ఆ రోజు ఇంకాస్త ముందే వస్తుంది. ఆ వేళ ఉత్తర, దక్షిణ గోడల మీద ఎండ పడేది నామమాత్రం. తూర్పు, పడమర గోడలకు పూటపూట తగులుతుంది. కప్పు మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలుతూనే ఉంటుంది. మిద్దె మీద జానెడు మట్టి ఉంది కాబట్టి తట్టుకుంది. అవే రాతిగోడల మీద ఐదంగుళాల స్లాబ్ వేసి వదిలేసిన ఇళ్లు మీ జిల్లాలోనే ఎన్నో ఉన్నాయి. రాత్రి పదింటికి ఆ స్లాబ్ కింద మంచం వేసుకుని చూడండి, ఫ్యాను వేడిగాలినే కిందికి తోస్తుంది.

కేంద్రం ఇళ్ల కోసం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహితలోనూ గోడలకో పరిమితి, కప్పుకో పరిమితి విడిగా ఉన్నాయి. కప్పు యూ విలువ, అంటే వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే కొలత, 1.2 దాటకూడదు. ఏ పొరా లేని ఉత్త స్లాబ్‌ది దానికి రెట్టింపు కంటే ఎక్కువే. అందుకే గోడలకు ఏఏసీ పెట్టి, పైన ఉత్త స్లాబ్ వేసి, దాన్ని చల్లటి ఇల్లని అమ్మడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

తమ్ముడి రెండు పొరల అద్దాల డబ్బు స్లాబ్ మీద పెట్టండి. స్లాబ్ పైన రెండంగుళాల ఎక్స్‌పీఎస్ షీట్లు (వేడిని ఆపే గట్టి నురగ పలకలు), వాటి మీద వాలు ఇచ్చి కాంక్రీటు, ఆపైన తెల్ల టైల్స్. ఆ పొర స్లాబ్ పైనే ఉండాలి, కింద ఫాల్ సీలింగ్‌లో పెడితే స్లాబ్ ఎప్పటిలాగే కాలుతుంది. కిటికీలకు లోతైన సన్‌షేడ్, పడమటి వైపు వసారా. ఎండ అద్దాన్ని తాకకముందే ఆగాలి.

అనంత రైతు:
మరి షీట్లు కూడా ఫ్యాక్టరీవే కదా? మా పెద్దలు కొన్నిచోట్ల మిద్దె మీద కుండలు బోర్లించి, మధ్యలో సున్నం కాంక్రీటు నింపేవారు. కుండలో గాలే అడ్డం. మా దగ్గర కుమ్మరికీ పని దొరుకుతుంది.

నక్షా గీసేవాణ్ణి:
కుండలు బాగా పనిచేస్తాయి. బరువు పెరుగుతుంది కాబట్టి స్లాబ్ డిజైన్‌లో ముందే లెక్క వేయించాలి. ఆ పని తెలిసిన మేస్త్రీ దొరికితే నేను కాదనను.

గోడల విషయంలో మాత్రం ఈ ఇంటికి నా ఓటు నాన్నగారికే. మీ వైపు గాలి పొడిగా ఉంటుంది, రాత్రికి పది డిగ్రీలకు పైగా దిగుతుంది. మందపాటి గోడ ఆ చల్లదనాన్ని పగటికి దాచుకుంటుంది. ఒక షరతు: రాత్రి కిటికీలు తెరవాలి. మన పెద్దలు ఎండాకాలం మిద్దె మీదో, అరుగు మీదో పడుకునేవారు, గోడ పగలు మింగిన వేడిని రాత్రి వదిలినా వాళ్లకు తెలిసేది కాదు. ఇప్పుడు దోమలకు, దొంగలకు భయపడి తలుపులు బిగించుకుని లోపలే పడుకుంటున్నాం. కాబట్టి అన్ని కిటికీలకు గ్రిల్, దోమల మెష్ ముందే పెట్టించండి. ఏసీ గది ఒక్కదానికి ఏఏసీ వాడండి, ఇంజినీరు గారు చెప్పింది అక్కడ అక్షరాలా సరిపోతుంది.

సైట్ ఇంజినీరు:
ఒకే ఇంట్లో రెండు రకాల గోడలా? కలిసేచోట పగుళ్లు వస్తాయి. ఆ మూలలో పిల్లరు వేసి, ప్లాస్టరింగ్‌కు ముందు ఆ అతుకు మీద జాలీ (తీగల వల) కొట్టించకపోతే రెండో ఏడాదికే గీత కనిపిస్తుంది. ఖర్చు కూడా తగ్గదు. నేనైతే మొత్తం ఏఏసీకే పోతాను. కప్పు సంగతి ఒప్పుకుంటాను.

బనగానపల్లె బిడ్డ:
అందరికీ ధన్యవాదాలు. కప్పు గురించి తమ్ముడితో మాట్లాడాను, అద్దాలు మానుకుందామన్నాడు. గోడల పంచాయితీ ఇంకా తేలలేదు. ఒక్క సందేహం: పాత రాతిగోడలు గట్టిగానే ఉన్నాయి. మిద్దె తీసేసి వాటి మీదే స్లాబ్ వేయొచ్చా?

సైట్ ఇంజినీరు:
మట్టితో కట్టిన గోడైతే నేరుగా వద్దు. స్లాబ్ బరువు పిల్లర్లు, బీముల మీద దిగాలి, రాతిగోడ మధ్యలో అడ్డుగోడలా మాత్రమే నిలబడాలి. పునాది పక్కన ఒకచోట తవ్వి చూడండి. తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే నల్లరేగడి తగిలితే స్ట్రక్చరల్ ఇంజినీరు రాకుండా ఒక్క రాయి కూడా కదిలించకండి.